ఇరవై తొమ్మిదిలో ఒంటికి పట్టేదెంత?

తోటకూర, రాగిసంగటి, పప్పు అన్నీ కలిపి చూసుకున్నా రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము రావడం లేదేమిటని చాలామంది ఆడవాళ్ల సందేహం. సబబైనదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన రోజువారీ పోషకాల పట్టికలో స్త్రీకి 29, పురుషుడికి 19 అనే ఉంది. పక్కనే ఇంకో గడి ఉంది, దాన్నెవరూ చూడరు. అందులో 15, 11. ఇవి సగటు అవసరాలు. నూటికి 97 మందికి సరిపోయేలా పెంచితే వచ్చినవి 29, 19. నెలసరిలో పోయే రక్తం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టే స్త్రీల అంకెల మధ్య అంత ఎడం.

అసలు స్త్రీ ఒంట్లోంచి రోజుకు సగటున పోయే ఇనుము 1.2 మి.గ్రా. మాత్రమే. మన తిండిలోంచి పేగు పీల్చుకునేది 8 శాతమని పట్టిక లెక్క. 15లో 8 శాతం ఎంత? అదే 1.2. ఈ 8ని 12 చేయగలిగితే 15 బదులు 10 చాలు!

మరి 8 దగ్గరే ఎందుకు ఆగింది? గింజల పైపొరలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. ఆరు ఫాస్ఫేట్ చేతులతో ఇనుమును పట్టేసుకుని పేగులో కరగనివ్వదు. పైగా ధాన్యాలు, ఆకుకూరల ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. అది ఫెర్రస్‌గా మారితేనే పేగు గోడలోని డీఎంటీ1 అనే వాహకం లోపలికి మోస్తుంది. విటమిన్ సి ఈ రెండు చిక్కులూ విప్పుతుంది: ఫెర్రిక్‌ను ఫెర్రస్ చేస్తుంది, ఫైటేట్‌కు చిక్కకుండా కరిగించి ఉంచుతుంది. అయితే అదే ముద్దతో కడుపులోకి వెళ్లాలి. సాయంత్రం తిన్న జామకాయ మధ్యాహ్నం పప్పుకు అక్కరకు రాదు. నిమ్మకాయ పొయ్యి దించాకే పిండాలి, వేడికి విటమిన్ సి పోతుంది. పెసలు, రాగులు మొలకెత్తిస్తే గింజలోని ఫైటేజ్ ఎంజైమే ఫైటేట్‌ను విరగ్గొడుతుంది. భోజనం కాగానే టీ తాగితే మాత్రం చేసినదంతా వృథా. కనీసం గంట ఆగాలి.

బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనేది రంగును చూసి కట్టిన కథ. వంద గ్రాముల్లో ఇనుము ఒక మి.గ్రా. కూడా ఉండదు. తోటకూరలో దానికి నాలుగైదు రెట్లుంటుంది.

ఇనుము మాత్రల తీరు వేరు. 60 మి.గ్రా. ఇనుము ఒక్కసారిగా పడేసరికి కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదల చేసి, దాదాపు ఒక రోజంతా పేగు తలుపు ఓరగా వేస్తుంది. మర్నాటి మాత్రలో పట్టే వంతు తగ్గేది అందుకే. కొందరు వైద్యులు రోజు విడిచి రోజు వేసుకోమనడానికి కారణం ఇదే. ఏ రోజు వేసుకున్నా పాలతో, టీతో వద్దు. నిమ్మరసం కలిపిన నీళ్లు మేలు.