తాత తుపాకీ స్టేషన్‌కి వెళ్తే ఎందుకు తిరిగి రాదు?

ఎన్నికల ప్రకటన వస్తే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లైసెన్సుదారులు తుపాకులు స్టేషన్‌లో అప్పగించడం మామూలే. పొలం కాపలాకు పెట్టుకున్న డబుల్ బ్యారెల్ అయితే కోడ్ ముగిశాక ఇంటికి చేరుతుంది. గొడవంతా వేరే రకానిది. పెద్దాయన పోయాక బీరువా వెనక నూనెగుడ్డలో చుట్టి కనబడే పాత మిలిటరీ రైఫిల్, ముఖ్యంగా త్రీ నాట్ త్రీ (.303). దాన్ని ఉన్నదున్నట్టు దాచుకుంటామని వారసులు, అప్పగించాల్సిందేనని పోలీసులు. ఈ వాదన మళ్లీ రేగింది.

తుపాకీకి లైసెన్సు ఉండాలన్న బ్రిటిష్ వాళ్ల 1878 నాటి ఆయుధాల చట్టం, అందులో జమీందార్లకిచ్చిన మినహాయింపులు అందరికీ తెలిసినవే. ఈ నేలకు సంబంధించి ఒక్క ముక్క మాత్రం చెప్పుకోవాలి. 1839లో కర్నూలు నవాబు కోటలో ఆయుధాల గుట్టలు బయటపడినప్పుడు, బ్రిటిష్ వాళ్లపై కుట్రలో నవాబుతో కలిశాడని నెల్లూరు జిల్లా ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపేశారు. ఇంట్లో తుపాకీ ఉంటే ముందు అనుమానించాలన్న పాలకుల అలవాటు మన దగ్గర అంత పాతది.

ఇప్పుడు అందరూ వేలెత్తి చూపేది 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణను. ఒక మనిషికి మూడు తుపాకులన్న 1983 నాటి పరిమితిని అది రెండుకు తగ్గించింది. బిల్లులో మొదట ఒక్కటే అన్నారు, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. వారసత్వంగా వచ్చిన వాటికీ అదే లెక్క. అదనంగా ఉన్నవి ఏడాదిలోగా, అంటే 2020 డిసెంబరు నాటికి, అప్పగించాలన్నారు. దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ తాత తుపాకీ విషయంలో ఈ సవరణ మార్చింది లెక్కనే. మిలిటరీ రైఫిల్‌కు దారి మూసుకుపోయింది అంతకు 32 ఏళ్ల ముందు, 1987లో.

అది అర్థం కావాలంటే బోరు, అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం, సంగతి తెలియాలి. సైన్యం వాడే తూటా పౌరుడి చేతికి రాకూడదన్నది బ్రిటిష్ వాళ్ల పట్టుదల. వాళ్ల సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ రైఫిల్‌ది .450 బోరు కాబట్టి, 1907లో ఆ బోరు వేట తుపాకులను సైతం ఇక్కడ నిషేధించారు. దాంతో ఇంగ్లండు తుపాకీ కంపెనీలు .470, .465 బోర్లు పుట్టించాయి. మన ఆయుధ కర్మాగారాల .315 రైఫిల్ కూడా అలాంటిదే. .303 ఇవ్వకూడదు కాబట్టి ఆస్ట్రియా మాన్‌లిఖర్ తూటా ఆధారంగా పౌరులకు వేరే బోరు చేశారు. స్వతంత్రం వచ్చాకా 1962 నిబంధనలు అదే దారి పట్టాయి. .303, 7.62 మి.మీ. తూటా పేల్చగల రైఫిళ్లన్నీ ‘ప్రొహిబిటెడ్ బోర్’, అంటే నిషిద్ధ బోరు.

అయినా అప్పట్లో ఒక తలుపు తెరిచే ఉంది. నిషిద్ధ బోరు లైసెన్సు జిల్లా స్థాయిలోనూ దొరికేది. ఆ కుటుంబమేదో, ఆ తుపాకీ ఏ పెట్టెలో ఉందో తెలిసిన అధికారులు నిర్ణయించేవారు. 1987లో ఆ అధికారం ఢిల్లీకి, కేంద్ర హోంశాఖకు పోయింది. దేశంలో ఉగ్రవాదం ముదిరిన రోజులవి, కారణం లేదనను. కానీ ప్రాణభయం ఉందా అని అడిగే చోట తాత జ్ఞాపకమని రాస్తే ఆ దరఖాస్తుకు విలువేముంటుంది?

ఆ తర్వాతదంతా గొలుసుకట్టు. లైసెన్సుదారు చనిపోతే తుపాకీని స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పగించాలి. గడువులోగా అర్హుడికి అమ్మకపోతే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం సర్కారు స్వాధీనం చేసుకుంటుంది. కొనాలంటే నిషిద్ధ బోరు లైసెన్సు కావాలి. అది ఉన్నవాళ్లు జిల్లాలో ఎందరుంటారు?

పాత తుపాకులు సేకరించేవాళ్ల బాధ ఇక్కడే మొదలవుతుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ (అదే త్రీ నాట్ త్రీ) విలువ అది పేలడంలో లేదు. రిసీవర్ (రైఫిల్ మధ్యలోని ప్రధాన ఇనుప భాగం) మీదున్న నంబరే బోల్టు (తూటాను ఎక్కించే కడ్డీ) మీద, నోస్‌క్యాప్ (ముందు చివరి లోహపు తొడుగు) మీద ఉందా, కిరీటం కింద జీఆర్ఐ (జార్జి చక్రవర్తి గుర్తు) అచ్చు చెరగకుండా ఉందా, కర్రకు అడ్డంగా బిగించిన ఇషాపూర్ స్క్రూ అలాగే ఉందా, ఇవే చూస్తారు. కర్రకు కొత్త పాలిష్ పట్టించినా, ఇనుముకు నలుపు మళ్లీ వేయించినా సగం చరిత్ర తుడిచేసినట్టే.

చట్టం కోరేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పురాతన విలువ ఉన్న ఆయుధానికి 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, కానీ మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. అంటే గొట్టానికి చిల్లు పెట్టాలి, బోల్టు పాడుచేయాలి. ఎన్‌సీసీ డ్రిల్లుకు వాడే, పేలకుండా చేసిన డీపీ (డ్రిల్ పర్పస్) రైఫిళ్లను చూసినవాళ్లకు ఆ గతి తెలుసు. పాడుచేస్తే వస్తువు మిగులుతుంది, అసలుది పోతుంది. చెక్కుచెదరకుండా ఉంచితే నేరమవుతుంది.

పోలీసులు భద్రత మాట అంటారు. నల్లమల అంచు మండలాల్లో నక్సలైట్ల కాలాన్ని చూసినవాళ్లు ఆ మాటను కొట్టేయలేరు.

2020 ఫిబ్రవరిలో హోంశాఖ ఒక సడలింపు ఇచ్చింది. ‘క్యూరియో’ (అరుదైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను పౌరులు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. వాడాలన్నా, మోసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాలి. లైసెన్సులో నమోదు కాకపోతే తూటాలు అమ్మరు. ఇక్కడ ప్రభుత్వం తుపాకీని దాచుకునే వస్తువుగా చూసింది. వారసులు ఇప్పుడు పట్టుకున్న ఆధారం అదే. తమ రైఫిల్ ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చమని అడుగుతున్నారు. తేలేదాకా స్టేషన్‌లో తుప్పు పట్టకుండా నూనె రాయమని, ఒకదాని బోల్టు ఇంకొకదానికి తొడగకుండా రశీదులో బోల్టు నంబరు విడిగా రాయమని అడుగుతున్నారు.