టీషర్టుల బొంత కుట్టబోయే పిల్లలకు

హన్మకొండ

బిడ్డలకు ఆశీస్సులు.

బడి లైబ్రరీకి డబ్బు పోగు చెయ్యడానికి పాత టీషర్టులతో బొంత కుడతామని రాశారు. 20 టీషర్టులు వచ్చాయి, ఇక కొయ్యడమే అన్నారు. కత్తెర కాసేపు పక్కన పెట్టి ఇది చదవండి.

పాత చీరల బొంత మన దిక్కు అందరికీ తెలిసిన పనే. కానీ చీర వేరు, టీషర్టు వేరు. చీర పడుగు పేకలతో నేసింది, లాగినా పెద్దగా సాగదు. టీషర్టు గుడ్డ స్వెట్టర్‌లా అల్లింది. దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటుంది. ఒక చిరిగిన బనియన్ కోసి చూడండి, అంచు చాపలా చుట్టుకుంటుంది. అడ్డంగా లాగితే జానెడు గుడ్డ ఇంకో రెండు వేళ్లు పెరుగుతుంది. కొలిచి కోసిన 13 అంగుళాల ముక్క మిషన్ కిందికి పోయేసరికి 14 అవుతుంది, పక్క ముక్క 13 దగ్గరే ఉంటుంది, బొంత అలలు తేలుతుంది. దీనికి మందు ఒకటే. వెనక పేస్టింగ్ గుడ్డ, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు గుడ్డ, అంటించి దాని సాగుడు ఆపాలి.

దుకాణంలో బక్రం అంటే కాలర్లకు వేసే గట్టిది చేతిలో పెడతారు. అది వేస్తే బొంత అట్టలా నిలబడుతుంది. పల్చటి, నేసిన పేస్టింగ్ గుడ్డ అడగండి. ఒక పక్క గరుకుగా జిగురు చుక్కలు తగులుతాయి. పన్నా (గుడ్డ వెడల్పు) 44 అంగుళాలైతే 3 మీటర్లు చాలు, 36 అయితే 4 మీటర్లు.

ముందు టీషర్టులన్నీ ఉతకండి. కంఫర్ట్ లాంటివి వెయ్యొద్దు, ఆ నునుపు మీద జిగురు పట్టదు. రెడ్ హౌస్ టీషర్టును తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే విడిగా ఉతకండి, రెండు మూడు సార్లకీ ఆగకపోతే అది బొంతకు పనికిరాదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందంటారు కానీ నాకు దాని మీద భరోసా లేదు.

ఇప్పుడు వరస తప్పొద్దు. బొమ్మ ఉన్న పక్కను 15 అంగుళాల ముక్కగా ఉరామరిగా కొయ్యండి. తిరగేసి, లాగకుండా పరిచి, 14 అంగుళాల పేస్టింగ్ ముక్క జిగురు పక్క కిందికి వచ్చేలా పెట్టండి. ఇస్త్రీ పెట్టెను రుద్దకూడదు. రుద్దితే గుడ్డ సాగిపోయి అలాగే అంటుకుంటుంది. ఒక చోట పెట్టి, 10 లెక్కపెట్టి, ఎత్తి పక్కన పెట్టాలి. చల్లారాక ఒక మూల గోటితో లేపి చూడండి, లేస్తే మళ్లీ వెయ్యండి. కబడ్డీ, ఖోఖో జెర్సీలు పాలిస్టర్‌వి. వేడి తగ్గించి, మీద గుడ్డ వేసి, ముందు చేతి ముక్క మీద చూసుకోండి. జల్లెడలా రంధ్రాలున్న జెర్సీ అయితే జిగురు బయటికి కారి ఇస్త్రీ గుడ్డకు అంటుకుంటుంది, కింద బటర్ పేపర్ వెయ్యండి. ఏ టీషర్టుకైనా బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెడితే ఆ ప్లాస్టిక్ రంగు పెట్టెకు అంటుకుని వస్తుంది.

అంటించిన తర్వాతే 13 అంగుళాలకు కచ్చితంగా కొయ్యాలి. అట్ట కాకుండా, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అచ్చుగా పెట్టుకుంటే బొమ్మ నడిమికి వచ్చిందో లేదో కనబడుతుంది. 10 అంగుళాల లోపు బొమ్మలైతే మంచిది, చుట్టూ ఖాళీ కావాలి.

ముక్కలన్నీ నేల మీద నాలుగేసి చొప్పున అయిదు వరసలు పరచండి. ముదురు రంగులన్నీ ఒక మూలకు చేరకుండా మార్చి, ఫోటో తీసి, నంబరు చీటీలు గుచ్చండి. మిషన్‌కు 14 నంబరు బాల్‌పాయింట్ సూది, అంటే మొన గుండ్రంగా ఉండేది, వెయ్యండి. మామూలు సూది పదును ఉచ్చులను తెంపుతుంది, కుట్టు కూడా వదిలేస్తుంది. ముక్కలు అతికేటప్పుడు అంచు నుంచి అరంగుళం వదిలి కుట్టండి. అతుకుల రెక్కలు రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చెయ్యండి, ఒకే పక్కకు మడిస్తే నాలుగు మూలలు కలిసే చోట సూది విరగొచ్చు.

అడుక్కి ఉతికిన సింగిల్ కాట్ దుప్పటి చాలు. 60కి 90 అంగుళాల దుప్పట్లో 56కి 68 అడుగు గుడ్డ పోగా, మిగిలిన దాంట్లో మూడున్నర అంగుళాల పట్టీలు అయిదు వస్తాయి, అవే అంచుకు. మధ్యలోకి పల్చటి నూలు దుప్పటి గానీ, పాత చీర రెండు పొరలు గానీ వెయ్యండి. ఎనుమాముల పత్తి మార్కెట్ దగ్గర్లోనే ఉంది కదా అని విడి పత్తి నింపకండి. మన కుట్లు ఎడం ఎడంగా ఉంటాయి, మొదటి ఉతుకులోనే పత్తి ఉండలు కట్టి మూలలకు చేరుతుంది.

మూడు పొరలు గచ్చు మీద పరిచి, నడిమి నుంచి బయటికి జానెడుకో పిన్నీసు పెట్టండి. కింద వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా పరుచుకుని కుట్టకండి, దబ్బనం దాన్నీ బొంతలో కలిపేస్తుంది! అతుకుకు ముప్పావు అంగుళం లోపలికి జరిగి, చుట్టూ దారం బిగించకుండా చేత్తో కుట్టుకుంటూ రండి. అతుకు మీద పేస్టింగ్ గుడ్డ రెట్టింపు ఉంటుంది, సూది దిగక వేళ్లు పుండవుతాయి. బొమ్మ మీద మాత్రం కుట్టొద్దు, ఆ రంగులో పడ్డ బొక్క మళ్లీ మూసుకోదు.

చివరికి అంచులు సమం చేసి, పట్టీలు అతికి, సగానికి మడిచి, ముందు వైపు మిషన్ మీద కుట్టండి. వెనక్కి తిప్పి చేత్తో కుట్టండి.

డబ్బు మాటకొస్తే లాటరీ టికెట్లు అమ్మొద్దు, అనుమతి లేని లాటరీ నేరం. గణపతి లడ్డు వేలం మీకు తెలిసిందే, అలాగే పాడించండి. అంతకంటే ముందు, టీషర్టు ఇచ్చిన ఇంటి నుంచి ముక్కకు 100 రూపాయలు అడగండి. 2000 చేతికి వస్తే సామాను ఖర్చు అందులోంచే పోతుంది, వేలం డబ్బు అంతా పుస్తకాలకు మిగులుతుంది.

పాడుకున్నవాళ్లకు ఒక చీటీ రాసివ్వండి: చల్లని నీళ్లు, నీడలో ఆరవెయ్యాలి, తడి బొంత బరువు కాబట్టి దండెం మీద ఒక్క మడతగా కాకుండా రెండు దండేల మీద పరచాలి, బొమ్మల మీద ఇస్త్రీ వద్దు.

మీ అమ్మమ్మ