ఈత వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో ఏమవుతారు? – పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. కిందటి నెల మీలో ఒకరు నాకు ఇంగ్లీషులో రాసి పంపిన ఉత్తరంలో “దిస్ ఈజ్ ద బుక్ విచ్ ఐ మస్ట్ రీడ్ ఇట్ బిఫోర్ ది ఎగ్జామ్” అనే వాక్యం ఒకటి ఉంది. ఎవరు రాశారో నేను చెప్పను. రాసినవారికి తెలుసు, మిగతావారు ఊహించుకుని నవ్వనక్కరలేదు, ఎందుకంటే ఆ తరువాత ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేను కూడా హైస్కూలులో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేశాను. ఆ వాక్యంలో ఎక్కువైనది ‘ఇట్’ అనే చిన్న మాట ఒక్కటే. అది ఎందుకు ఎక్కువైందో తెలియాలంటే ముందు మన తెలుగును చూసుకోవాలి.

మనం “నేను చదవాల్సిన పుస్తకం” అంటాం. ‘చదవాలి’ అనే క్రియ ఇక్కడ పుస్తకానికి ముందుకు వచ్చి, ‘చదవాల్సిన’ అనే విశేషణంగా రూపం మార్చుకుంది. మన వ్యాకరణంలో ఇటువంటివాటిని ధాతుజ విశేషణాలు అంటారు. తెలుగులో వినేవాడు ‘నేను చదవాల్సిన’ దాకా వచ్చినా అది పుస్తకమో, ఉత్తరమో, పాఠమో తెలియక చివరి మాట కోసం ఎదురుచూస్తాడు. ఇంగ్లీషులో ఆ ఎదురుచూపు ఉండదు. ‘ద బుక్’ అని వస్తువును ముందే చేతిలో పెట్టి, దానికి ‘విచ్’ అనో ‘దట్’ అనో ఒక కొక్కెం తగిలించి, ఆ కొక్కేనికి ‘ఐ మస్ట్ రీడ్’ అనే మిగతా మాటను వేలాడదీస్తారు. ఈ కొక్కెం మామూలు కొక్కెం కాదు, అది పుస్తకానికి ప్రతినిధి. ‘రీడ్’ అనే క్రియకు కావలసిన కర్మ స్థానంలో అది అప్పటికే కూర్చుంది. మళ్లీ ‘ఇట్’ అనడం ఒకే సీటుకు రెండు టికెట్లు కొనడం వంటిది. నిజానికి తెలుగులో కూడా “నేను దాన్ని చదవాల్సిన పుస్తకం” అని ఎవరమూ అనం. కాబట్టి ఈ తప్పును తెలుగు మీదికి నెట్టడం న్యాయం కాదు. “ఐ మస్ట్ రీడ్ ఇట్” అనే విడి వాక్యాన్ని మనసులో పూర్తిగా తయారుచేసుకుని, దాన్ని అలాగే తెచ్చి అతికించడం వల్ల వచ్చే తప్పు ఇది.

ఇక ‘మస్ట్’ సంగతి. ‘కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్’ అనే ఈ తొమ్మిదింటినీ మీ పుస్తకాల్లో మోడల్ ఆగ్జిలరీలు, అంటే చేయగలగడం, అనుమతి, అవసరం వంటివి చెప్పే సహాయక క్రియలు అంటున్నారు. ఇవి కొక్కెం వెనుకకు వెళ్లినా రూపం మార్చుకోవు. ‘షి కెన్ స్విమ్’ అనే వాక్యం “ద గర్ల్ హూ కెన్ స్విమ్” అవుతుంది, అంతే. “హూ కెన్ స్విమ్స్” అనకూడదు, “హూ కెన్ టు స్విమ్” అని అంతకన్నా అనకూడదు, ‘కెన్స్’ అనే మాట అసలే లేదు. దీనికి ఒక పాత కారణం ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘కెన్’కు మూలమైన క్రియకు ‘తెలుసు’ అని అర్థం. దాని వర్తమాన రూపం అంతకుముందెప్పుడో భూతకాల రూపంగా ఉండి, తరువాత వర్తమానానికి మారింది. భూతకాల రూపాలకు మూడో పురుషలో ‘ఎస్’ చేరదు గనుక దీనికీ చేరలేదు. ‘మే’, ‘షల్’ కూడా ఆ బాపతువే.

‘తెలుసు’ అనే మాట ‘చేయగలడు’ అనే అర్థానికి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోకండి. మన ‘వచ్చు’ కూడా అటువంటిదే. “నాకు ఈత వచ్చు” అంటే ఈత తెలుసని. “నువ్వు వెళ్లవచ్చు” అంటే వెళ్లడానికి వీలుందని, లేదా అనుమతి ఉందని. ఒకే మాట రెండు పనులూ చేస్తోంది. కానీ నామవాచకానికి ముందు పెట్టబోయేసరికి ఒక చిక్కు వస్తుంది. ‘ఈత వచ్చిన పిల్లలు’ అనేది చక్కని తెలుగు. ‘మీరు వెళ్లవచ్చిన గది’ అని మాత్రం ఎవరైనా అంటారా? అనరు. అనుమతిని చెప్పే ‘వచ్చు’కు విశేషణ రూపం లేదు. అందుకే మనం “ఏ గదిలోకి వెళ్లవచ్చో ఆ గది” అని చుట్టు తిరిగి చెబుతాం, లేదా ‘వెళ్లదగిన’ అని అర్థాన్ని కాస్త పక్కకు జరుపుతాం. ‘చదవాలి’కి ‘చదవాల్సిన’, ‘చేయకూడదు’కు ‘చేయకూడని’, ‘రాలేడు’కు ‘రాలేని’ ఉన్నాయి, ‘వద్దు’కు లేదు. ఇంగ్లీషులో ఈ ఎగుడుదిగుడులు లేవు. ‘ద చిల్డ్రన్ హూ కెన్ స్విమ్’, ‘ద రూమ్ యూ మే ఎంటర్’, ‘ద రూమ్ యూ మస్ట్ నాట్ ఎంటర్’ అన్నీ ఒకే మూసలో నడుస్తాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంగ్లీషే సులువని ఒప్పుకుంటాను.

కష్టం ఇంకోచోట ఉంది. ‘నేను రాసే ఉత్తరం’, ‘నేను రాసే కలం’, ‘నేను రాసే బల్ల’ అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉత్తరాన్ని రాస్తాను, కలంతో రాస్తాను, బల్ల మీద రాస్తాను. ఆ విభక్తులన్నీ ఏమయ్యాయి? తెలుగు వాటిని మింగేసింది. వినేవాడే ఇంగితంతో పూరించుకుంటాడు. ఇంగ్లీషు ఆ పని వినేవాడికి వదిలిపెట్టదు. “ఎ పెన్ యూ కెన్ రైట్ విత్”, “ఎ టేబుల్ యూ కెన్ రైట్ ఆన్” అని చివరి మాటను తప్పక పలకాలి. “ఐ నీడ్ ఎ ఫ్రెండ్ ఐ కెన్ టాక్” అని మన పిల్లలు ఆగిపోతారు; “టాక్ టు” అనేదాకా ఆ వాక్యం గాలిలోనే ఉంటుంది. వాక్యం చివర ఇటువంటి పొట్టి మాట రాకూడదని మా మాస్టార్లు బెత్తం చూపించి చెప్పేవారు. వారి మాట ప్రకారం “ఎ ఫ్రెండ్ టు హూమ్ ఐ కెన్ టాక్” అని రాయాలి. అర్జీలో రాస్తే బాగానే ఉంటుంది గానీ, స్నేహితుడితో అలా మాట్లాడితే అతను మళ్లీ మీతో మాట్లాడకపోవచ్చు.

నేను పైన ‘ఎ పెన్ యూ కెన్’ అన్నప్పుడు ‘దట్’ వేయలేదని గమనించారా? కొక్కెం కర్మ స్థానంలో గానీ, ఆ పొట్టి మాటకు ముడిపడి గానీ ఉంటే దాన్ని వదిలేయవచ్చు. కర్త స్థానంలో ఉంటే మాత్రం వదలకూడదు. “ఐ నో ఎ మెకానిక్ కెన్ రిపేర్ ది పంప్” అంటే ‘పంపు బాగుచేయగల మెకానిక్కు నాకు తెలుసు’ అనే అర్థం రాదు. అక్కడ ‘హూ’ ఉండి తీరాలి.

జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘నేను ఎక్కాల్సిన రైలు’ అంటే అది ఇంకా రావాల్సి ఉందా, వెళ్లిపోయిందా? తెలుగులో రెండూ కావచ్చు. నా ఇరవై రెండో ఏట కాజీపేట స్టేషనులో వెళ్లిపోతున్న రైలును చూపిస్తూ, పక్కనున్న తెలుగు రాని పెద్దమనిషితో “దట్ ఈజ్ ద ట్రెయిన్ ఐ మస్ట్ క్యాచ్” అన్నాను. పాపం ఆయన నా పెట్టె అందుకుని పరుగెత్తబోయాడు. నేను అనవలసింది “ద ట్రెయిన్ ఐ షుడ్ హావ్ కాట్” అని. ‘షుడ్ హావ్’ అనగానే రైలు తప్పిపోయిందని, తప్పు నాదేనని రెండూ తెలుస్తాయి. ‘కుడ్ హావ్ కాట్’ అంటే అవకాశం ఉన్నా ఎక్కలేదని. ‘వుడ్ హావ్ కాట్’ అంటే ఏదో అడ్డుపడకపోతే ఎక్కి ఉండేవాణ్ణని. తెలుగులో వీటిని విడదీయడానికి మనకు మరో వాక్యం పడుతుంది.

కామా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. “ద స్టూడెంట్స్ హూ కెనాట్ స్విమ్ షుడ్ స్టే ఎవే ఫ్రమ్ ద రివర్” అంటే ఈత రానివారికి మాత్రమే హెచ్చరిక. ‘స్టూడెంట్స్’ తరువాత ఒకటి, ‘స్విమ్’ తరువాత ఒకటి కామా పెట్టారంటే, ఆ విద్యార్థుల్లో ఒక్కరికీ ఈత రాదని, అందరూ దూరంగా ఉండాలని అర్థం మారిపోతుంది.

ఇంగ్లీషువారి నిత్య వ్యవహారంలోని సామెతల్లోనూ ఈ కట్టుబడి దండిగా కనిపిస్తుంది. “నెవర్ పుట్ ఆఫ్ టిల్ టుమారో వాట్ యూ కెన్ డూ టుడే”, “వాట్ కాంట్ బి క్యూర్డ్ మస్ట్ బి ఎండ్యూర్డ్” అనేవి మీరూ వినే ఉంటారు. వీటిలోని ‘వాట్’ వస్తువునూ కొక్కేన్నీ రెంటినీ తనలోనే దాచుకుంది. మనకూ అటువంటి సౌకర్యం ఉంది: ‘వాట్ యూ కెన్ డూ’ అంటే ‘చేయగలిగినది’, ‘వాట్ కాంట్ బి క్యూర్డ్’ అంటే ‘నయం చేయలేనిది’. రెండు భాషలూ ఇంత దగ్గరగా నడిచే చోటు ఈ విషయంలో నాకు మరొకటి కనబడలేదు.

ఇంకో సామెత ఉంది: “దేర్ ఆర్ నన్ సో బ్లైండ్ యాజ్ దోజ్ హూ విల్ నాట్ సీ.” దీన్ని ‘రేపు చూడబోనివారు’ అని అర్థం చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. ‘విల్’ పూర్వం కోరికను చెప్పే క్రియ. ఆ పాత వాసన ఇక్కడ మిగిలి ఉంది. దీనికి సరిసమానమైన తెలుగు ‘చూడనొల్లనివారు’. ‘ఒల్లని’ అనే మాట మీలో ఎవరికైనా కొత్తగా ఉంటే మీ నానమ్మను అడగండి. ఆవిడ నన్ను రోజూ ఉదయం ‘మాత్రలు మింగనొల్లని మనిషి’ అంటుంది. ఇంగ్లీషులో అయితే “ఎ మ్యాన్ హూ విల్ నాట్ టేక్ హిజ్ టాబ్లెట్స్”. చివర ‘ఇట్’ గానీ, ‘దెమ్’ గానీ అక్కరలేదు.

ఇట్లు,
మీ తాతయ్య