లావుగా ఉంటే ఫిట్స్ మందు మెదడుకు చేరదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో న్యూరో వార్డులో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. "మేడమ్, మా ఆయన నూటపది కిలోలుంటడు, ఈ చిన్న గోళీ ఆయన మెదడు దాకా పోతదా?" అని అడిగేవాళ్లు చాలామంది. అడిగేవాళ్లతో ఇబ్బంది లేదు. అడక్కుండా సొంతంగా ఇంకో మాత్ర కలిపేవాళ్ల గురించే నా టెన్షన్.

అపోహ: లావుగా ఉన్నవాళ్లకి మందంతా కొవ్వులోనే ఆగిపోతుంది.

వాస్తవం: ఒంటి బరువులో మెదడు 2 శాతమే, కానీ గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే పోతుంది, అదే కొవ్వుకి రక్తం అందేది తక్కువ. అందుకే ఫిట్స్ ఆపడానికి ఇచ్చే డయాజిపామ్ లాంటి కొవ్వులో కరిగే మందుని నరానికి ఇచ్చినప్పుడు అది ముందు మెదడుకే చేరుతుంది, కొవ్వులోకి సర్దుకునేది ఆ తర్వాత. లావుగా ఉన్న మనిషికి మళ్లీ మళ్లీ ఇస్తే అక్కడ పేరుకుపోయి రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది, మగత ఒక పట్టాన వదలదు.

ఇక మెదడు రక్తనాళాల్లో లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఆ అడ్డుగోడ బరువు చూసే మాట నిజమే, కాకపోతే అది చూసేది మందు అణువు బరువు. 400-500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే లెక్క) దాటితే మామూలుగా దానంతట అది దూరడం కష్టం. కొవ్వులో కరుగుతుందా లేదా అన్నదీ ముఖ్యమే. ఇవి కాక పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఒకటుంది. విరేచనాలకి వేసుకునే లోపెరమైడ్ నిజానికి మార్ఫిన్ కుటుంబం మందు, ఆ పంపు దాన్ని ఎప్పటికప్పుడు రక్తంలోకి తోసేస్తుంది కాబట్టే మామూలు డోసులో మత్తు రాదు.

అపోహ: బరువు పెరిగితే ఫిట్స్ మాత్రలు కూడా పెంచుకోవాలి.

వాస్తవం: దయచేసి ఈ పని మాత్రం చేయకండి. ఫెనిటాయిన్, అదే ఎప్టాయిన్ అంటే అందరికీ తెలుస్తుంది, దాన్ని విరిచే లివర్ ఎంజైములకి ఒక హద్దుంది. ఆ హద్దు దగ్గర ఉన్న మనిషి 300 మి.గ్రా. నుంచి 400 మి.గ్రా.కి పెంచితే రక్తంలో మందు మూడో వంతే పెరుగుతుందనుకోవద్దు, రెట్టింపైనా అవుతుంది. అప్పుడు కళ్లు పక్కకి అదురుతుంటాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. గోడ పట్టుకుని నడుస్తున్న ఒకాయన్ని, తాగొచ్చాడని తిట్టుకుంటూ అన్నలు తీసుకొచ్చారు. ఆయన చుక్క ముట్టలేదు, లావెక్కానని రాత్రి పూట ఇంకో మాత్ర కలుపుకున్నాడంతే. రక్తంలో ఒక మి.లీ.కి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాల్సిన మందు ఆ గీత దాటేసింది.

పిల్లలకి కిలోల లెక్కన ఇస్తారు కదా అంటారు. ఇస్తాం. పెద్దవాళ్లకి కూడా ఫిట్స్ ఆగకపోతే నరానికి ఇచ్చే లెవెటిరాసిటామ్‌ని కిలోకి 60 మి.గ్రా. చొప్పునే లెక్కేస్తాం, కానీ 4500 మి.గ్రా. దగ్గర ఆపేస్తాం. అంటే 75 కిలోల మనిషికీ 110 కిలోల మనిషికీ ఒకటే డోసు.

అపోహ: బక్కగా ఉన్నవాళ్లకి రక్తంలో మందు ఎంతుందో చెప్పే రిపోర్టు నార్మల్ వస్తే చాలు.

వాస్తవం: దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఎక్కువ భయం ఇదే. ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కునే ఉంటుంది, మెదడులోకి వెళ్లేది మిగిలిందే. టీబీతోనో లివర్ జబ్బుతోనో సరైన తిండి లేకో ఆల్బుమిన్ పడిపోతే ఆ మిగిలిన భాగం పెరుగుతుంది. మామూలు పరీక్ష మొత్తం మందునే కొలుస్తుంది కాబట్టి కాగితం మీద అంకె బాగానే కనిపిస్తుంది, మనిషి మాత్రం తూలుతుంటాడు. ఆల్బుమిన్ కూడా చూపించుకోండి.

మరి ఒళ్లు పెరిగితే ఆ గోడ దగ్గర ఏమీ మారదా? మారుతుంది. 1994లో కనిపెట్టిన లెప్టిన్ అనే హార్మోన్ కొవ్వు నుంచి వచ్చి, మెదడుకి ఆకలి తీరిందని చెప్తుంది. ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో అది బాగా ఎక్కువ, మెదడు చుట్టూ ఉండే నీరులో మాత్రం పెరిగేది కొద్దిగానే, ఎందుకంటే దాన్ని లోపలికి మోసే వ్యవస్థకి పరిమితి ఉంది. దీన్ని తెచ్చి ఫిట్స్ మాత్రలకి అంటగట్టకూడదు, వాటి దారి వేరు.

బరువు తగ్గే ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లకి ఒక మాట. ఆ తర్వాత పొట్టలో మందు పీల్చుకునే తీరే మారిపోతుంది, ముఖ్యంగా మెల్లగా కరిగే రకం మాత్రలు. తేదీ ఖరారవగానే మీ ఫిట్స్ మందుల చీటీ సర్జన్‌కి చూపించండి, అవసరమైతే రకం మార్పించుకోండి, ఆపరేషన్ తర్వాత రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష ఎప్పుడు చేయించాలో న్యూరో డాక్టర్‌తో ముందే రాయించుకోండి.