కాల్లో కరిగిపోయే ప్లేటు

ఒరేయ్ చిన్నోడా, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మామ్మ బిస్కెట్ డబ్బాలో దాచిన నా స్టీలు ప్లేటు తీసి ఆడుకున్నారు కదా, వెళ్ళేటప్పుడు చిన్నోడు "తాతయ్యా, ఇది లోపలే కరిగిపోతే నీకు రెండో ఆపరేషన్ తప్పేది కదా" అన్నాడు. ఈలోగా అమలాపురం బస్సు వచ్చేసింది. జవాబు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

కాలవగట్టు మీద సైకిలుతో సహా పడి చీలమండ దగ్గర ఎముక విరిగితే, అతుక్కునేదాకా పట్టి ఉంచడానికి లోపల వేశారు ఆ ప్లేటు, ఏడాదిన్నరకి తీశారు. తీసేటప్పుడు దాని చుట్టూ తెల్లటి గట్టి పొర కట్టేసి ఉందంట. ఒంట్లోకి పరాయి వస్తువు ఏదొచ్చినా తెల్లరక్తకణాలు పరిగెత్తుకొస్తాయి, వెనకాలే మాక్రోఫేజ్‌లని పెద్దవి వచ్చి మింగేద్దామని చూస్తాయి, సూక్ష్మక్రిములైతే సరే, స్టీలుని ఏం మింగుతాయి పాపం, కొన్ని ఒకదాన్నొకటి అతుక్కుని ఇంకా పెద్ద కణాలైపోయి మరీ ప్రయత్నిస్తాయి. కుదరకపోతే పీచు అల్లే కణాలొచ్చి చుట్టూ సంచీ కట్టేస్తాయి. పెరట్లో మామిడిచెట్టుకి కొట్టిన మేకుని బెరడు కమ్మేసింది చూశారుగా, అలా. (కొబ్బరిచెట్టుకి ఆ విద్య లేదు, దాని గంటు పూడదు.)

ఇక కరిగే లోహాలు. ఇనుము మరీ బద్ధకం, ఏళ్ళు గడిచినా పూర్తిగా పోదు, తుప్పు అక్కడే ఉండిపోతుంది. జింకు మధ్యరకం. అసలు కథ మెగ్నీషియానిది. అది ఒంటికి కొత్త కాదు, పెద్దవాళ్ళలో ఎప్పుడూ సుమారు 25 గ్రాములు ఉంటుంది, ఎక్కువైంది కిడ్నీలు బయటకి పంపేస్తాయి. పేచీ అంతా గ్యాసుతోనే. నీళ్ళు తగిలితే హైడ్రోజన్ వదులుతుంది, గ్రాము కరిగితే దగ్గర దగ్గర లీటరు! పైగా ఒంట్లోవి ఉప్పునీళ్ళాయె, లోహం మీద కట్టే కాపు పొరని అందులోని క్లోరైడు కరిగించేస్తుంది, అంతర్వేదిలో ఉప్పుగాలికి కిటికీ ఊచలు పోయినట్టే.

ఇది నిన్నా మొన్నటి ఆలోచనేం కాదు. 1878లోనే ఎడ్వర్డ్ హ్యూస్ అనే డాక్టరు రక్తం కారే నాళాలని మెగ్నీషియం తీగతో కట్టాడు. తర్వాత బెల్జియంలో లాంబోట్ అనే సర్జన్ ఒక 17 ఏళ్ళ కుర్రాడి కాలికి మెగ్నీషియం ప్లేటు పెట్టి, బంగారుపూత స్టీలు మేకులతో బిగించాడు. కొంప మునిగింది అక్కడే. ఉప్పునీళ్ళలో రెండు లోహాలు ఆనుకున్నాయంటే బ్యాటరీయే, సముద్రంలోకెళ్ళే ఇనప బోటు అడుగున జింకు దిమ్మ బిగించేది ఇందుకే, ఇనుము బదులు అది తినుకుపోతుంది. కుర్రాడి కాల్లో ప్లేటు తినుకుపోయింది. 8 రోజులకే ముక్కలు, చర్మం కింద ఒకటే గ్యాసు.

వరి చేను ఎప్పుడు మునుగుతుంది? మురుగుకాలవ లాగేదానికన్నా నీళ్ళు ఎక్కువొస్తే. ఒంట్లో ఆ కాలవ రక్తం. గ్యాసు కొంచెం కొంచెంగా వస్తే రక్తంలో కలిసి ఊపిరితో బయటకి పోతుంది, చుట్టూ పలచటి పొర కడుతుంది, రాలిన పొడిని మాక్రోఫేజ్‌లు మెల్లగా సర్దేస్తాయి. తొందరగా వచ్చిందా, కండకీ చర్మానికీ మధ్య బుడగలు కట్టి పొరల్ని విడదీస్తుంది, చుట్టూ ఉన్న ద్రవం సున్నపుతేటలా క్షారమైపోతుంది, వాపు, పుండు మానదు. అందుకని లోహాన్ని బాగా శుద్ధి చేస్తారు, వేరే లోహాలు కలుపుతారు, పైన పూత వేస్తారు, అంతా కరగడం నెమ్మది చెయ్యడానికే. జర్మనీ మెగ్నీషియం స్క్రూకి 2013లో యూరప్‌లో అనుమతి వచ్చింది, కాలి బొటనవేలి వంకర సరిచేసే ఆపరేషన్లకి వాడారు. ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లగా కనిపిస్తే ఇన్ఫెక్షనేమో అని కంగారు పడతారు, చాలాసార్లు అది గ్యాసే.

ఇప్పుడు నీ ప్రశ్న చిన్నోడా. నిన్న బంగారం కొట్లో తూయించా, నా ప్లేటు 23 గ్రాములు. అదే సైజు మెగ్నీషియంది 5 గ్రాములుంటుంది, అంటే అయిదు లీటర్ల గ్యాసు. ఏడాదిన్నర మీద సర్దినా రోజుకి తొమ్మిది మిల్లీలీటర్లు, చర్మం కిందే ఎముక ఉండే చీలమండలో ఒకే చోట అంటే తక్కువేం కాదు. పైగా స్టీలంత బలం దానికి లేదు. నాకైతే ఆ రెండో ఆపరేషన్ తప్పేది కాదురా.

ప్లేటు మళ్ళీ డబ్బాలోనే పెట్టా, మామ్మకి చెప్పకండి, బంగారం కొట్టుకి ఎందుకెళ్ళావని నిన్నటి నుంచీ అడుగుతోంది.

మీ తాతయ్య