సముద్రం మీద సాక్ష్యం: పుష్‌బ్యాక్ కేసుల నేపథ్యం

ఆశ్రయం కోరి పడవల్లో వచ్చేవారిని అడ్డగించి, వారి మొర ఆలకించకుండానే వెనక్కి పంపడాన్ని పుష్‌బ్యాక్ అంటున్నారు. ప్రాణానికి ముప్పున్న చోటికి శరణార్థిని పంపరాదని 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం స్పష్టంగా చెబుతున్నా, ఆ నిషేధం నడిసముద్రంలోనూ వర్తిస్తుందా అన్నది చాలాకాలం వివాదంగానే ఉండిపోయింది. హైతీ నుంచి వచ్చే పడవలను అమెరికా తీరరక్షక దళం దారిలోనే ఆపి తిప్పి పంపడాన్ని ఆ దేశ సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది. ఐరోపాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన తీర్పు రావడానికి మరో 19 ఏళ్లు పట్టింది.

ఆ తీర్పుకు మూలమైన ఘటన 2009 మే 6న ఇటలీకి చెందిన లాంపెడూసా ద్వీపానికి దక్షిణాన 35 నాటికల్ మైళ్ల దూరంలో జరిగింది. లిబియా నుంచి మూడు పడవల్లో వస్తున్న సుమారు 200 మందిని ఇటలీ నౌకలు ఎక్కించుకుని, ఎక్కడికి తీసుకెళుతున్నదీ చెప్పకుండా పది గంటలు ప్రయాణించి, ట్రిపోలీ రేవులో లిబియా అధికారులకు అప్పగించాయి. గుర్తింపు పత్రాలను కూడా సైనికులు లాక్కున్నారని బాధితులు చెప్పారు. వారిలో 11 మంది సోమాలియా, 13 మంది ఎరిత్రియా పౌరులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. ఓడ ఇటలీది, దానిపై అధికారం ఇటలీది కాబట్టి బాధ్యతా ఇటలీదేనని 2012 ఫిబ్రవరి 23న ఆ న్యాయస్థానం తేల్చి, ఒక్కొక్కరికి 15,000 యూరోల పరిహారం నిర్ణయించింది. హిర్సీ జమా కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో ఘటన జరిగిందని రుజువు చేయడానికి బాధితులు కష్టపడవలసిన అవసరం రాలేదు. ఘటన జరిగిన మర్నాడే ఇటలీ హోంమంత్రి విలేకరుల ఎదుట ఆ సంగతి స్వయంగా ప్రకటించారు.

తీర్పు తర్వాత ప్రభుత్వాలు అలా బాహాటంగా ఒప్పుకోవడం మానుకున్నాయి. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. నీటిపై జరిగిన నేరానికి ఆనవాళ్లు మిగలవు. రాడార్ రికార్డులు, రేడియో సంభాషణలు నిందితుల చేతిలోనే ఉంటాయి. 2014 జనవరి 20న గ్రీసులోని ఫార్మకోనిసి దీవి వద్ద తీరరక్షక నౌక తాడు కట్టి లాగుతుండగా పడవ మునిగి 11 మంది మరణించినప్పుడు, తమను టర్కీ వైపే లాగారని బతికినవారు, కాదు దీవికే తెస్తున్నామని అధికారులు వాదించారు. 2022 జులై 7న స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం గ్రీసును తప్పుపట్టింది. ప్రాణాలు కాపాడడంలోనూ, దర్యాప్తు జరపడంలోనూ విఫలమైందని నిర్ధారించింది. అయినా, పడవను ఎటు లాగారన్న ప్రశ్న మాత్రం తేలలేదు.

ఈ లోటును పూడ్చే పని ప్రభుత్వాల బయట మొదలైంది. 2011లో ట్రిపోలీ నుంచి 72 మందితో బయలుదేరిన రబ్బరు పడవ నాటో నౌకల నిఘా ఉన్న జలాల్లోనే రెండు వారాలు కొట్టుకుపోగా 63 మంది చనిపోయారు. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఫోరెన్సిక్ ఓషనోగ్రఫీ పరిశోధకులు శాటిలైట్ ఫోన్ కాల్ అందించిన స్థానాన్ని, గాలుల, ప్రవాహాల లెక్కలను, ఉపగ్రహ రాడార్ చిత్రాలను కలిపి ఆ పడవ దారిని మళ్లీ గీశారు. అదే పద్ధతి తర్వాత గ్రీసు, టర్కీల మధ్యనున్న ఏజియన్ సముద్రానికి చేరింది. అక్కడ 2020 మార్చి నుంచి, వచ్చినవారిని గాలి నింపిన, ఇంజిన్ లేని నారింజ రంగు తెప్పల్లో కూర్చోబెట్టి టర్కీ వైపు వదిలేస్తున్నారని బాధితులు చెప్పసాగారు. వీడియోలో కనిపించే కొండల అంచులను పటంతో పోల్చడం, తెప్ప దొరికిన చోటు నుంచి గాలివాటాన్ని వెనక్కి లెక్కించడం ద్వారా ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ సంస్థ రెండేళ్లలో జరిగిన ఇటువంటి 1,018 ఘటనలను నమోదు చేసింది.

ఈ నమోదు విలువ 2025 జనవరి 7న వెలువడిన రెండు నిర్ణయాలలో కనిపించింది. గ్రీసులో పుష్‌బ్యాక్‌లు ఒక క్రమపద్ధతిలో జరుగుతున్నాయని న్యాయస్థానం తొలిసారి గుర్తించింది. గ్రీసు, టర్కీల మధ్య ఎవ్రోస్ నది సరిహద్దు నుంచి గెంటివేయబడిన టర్కీ మహిళ తాను గ్రీసు గడ్డపై ఉండగానే వీడియోలు, లొకేషన్ బయటికి పంపడంతో ఆమె కేసు గెలిచింది. సమోస్ దీవి నుంచి తనను తెప్పలో వదిలేశారన్న అఫ్గాన్ బాలుడి కేసును మాత్రం తగిన ప్రాథమిక ఆధారాలు చూపలేదంటూ తిరస్కరించింది. ఫోన్లను ముందే లాక్కుంటున్నారని బయటపడినవారు పదేపదే చెబుతున్నప్పుడు, నడినీట వదిలేయబడ్డ పిల్లవాడి మీద ఈ భారం మోపడం అన్యాయం.

ఆధారాలు పుష్కలంగా ఉన్నప్పుడు కూడా దారి సుగమం కాలేదు. 2017 నవంబరు 6న మధ్యధరా సముద్రంలో వలసదారుల పడవ దగ్గరికి లిబియా గస్తీ నౌక వచ్చాక కనీసం 20 మంది మునిగిపోయిన ఘటన మొత్తం, సముద్రంలో ప్రాణాలు కాపాడే స్వచ్ఛంద సంస్థ సీ-వాచ్ ఓడలోని కెమెరాలకు చిక్కింది. ఇటలీ ఇచ్చిన నౌకతో, ఇటలీ నిధులతో లిబియా దళం ఈ పని చేసిందని బాధితులు వాదించినా, ఆ జలాలు ఇటలీ అధికార పరిధిలోకి రావంటూ 2025 జూన్‌లో వెలువడిన స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం నిర్ణయం పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఇప్పుడు వాదమంతా పరాయి దేశపు దళాన్ని డబ్బుతో, సమాచారంతో నడిపించేవారికి బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్న దానిపై నడుస్తోంది. అందుకే ఏ దేశపు సముద్ర రక్షణ నియంత్రణ కేంద్రం ఎవరికి ఏ గంటకు కబురు పంపిందన్న వివరాన్ని కూడా నమోదు చేసేవారు వీడియోలతో పాటు భద్రపరుస్తున్నారు.