ఎక్స్‌రే నార్మలే, మరి కుక్క కుంటుతోందేం?

పోయిన నెల మలక్‌పేట నుంచి ఒకాయన ఏడేళ్ల లాబ్రడార్‌ని తీసుకొచ్చారు. ఫోన్‌లో ఎక్స్‌రే చూపించి, "ఎముక విరగలేదు, బెణికిందంతే అన్నారు సార్. రెండు నెలలైంది, ఇప్పుడు కాలు కిందే పెట్టట్లేదు" అన్నారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

అపోహ: ఎక్స్‌రే నార్మల్ అంటే మోకాలు బాగున్నట్టే.

వాస్తవం: మెనిస్కస్, అంటే మోకీలులో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తలాంటి మృదులాస్థి, ఎక్స్‌రేలో కనబడదు. ఎముకల్ని కలిపి పట్టే తాడులాంటి లిగమెంటూ కనబడదు. కీలులో నీరు చేరిన ఛాయ, అరుగుదల ఉంటే తెలుస్తాయి, అంతే. కుక్కల్లో మెనిస్కస్ ఒక్కటే చిరగడం అరుదు. ముందు, మోకాల్లో కింది ఎముక జారకుండా పట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంట్ తెగుతుంది. ఇక అడుగేసినప్పుడల్లా కింది ఎముక ముందుకు జారుతుంది. లోపలివైపు మెనిస్కస్ ఆ ఎముకకే గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి తప్పించుకోలేదు. రోకలి కింద వేలు పడ్డట్టు దాని వెనక అంచు తొడ ఎముక కింద నలుగుతుంది. "బెణుకే, చూద్దాం" అని గడిపే రోజుల్లో లోపల జరిగేది ఇదే. కాస్త కుంటే కుక్క ఉన్నట్టుండి కాలు ఎత్తేసిందంటే నా మొదటి అనుమానం మెనిస్కస్ మీదే.

ఆ లాబ్రడార్ మోకాలు మెల్లగా మడిచి చాపుతుంటే నా వేళ్లకి 'టక్'మని తగిలింది. టక్కుమనకపోతే బాగున్నట్టే అనుకోకండి, అదింకో పుకారు. కీలు తెరిచి చూస్తే లిగమెంట్ పీచుపీచుగా ఉంది. మెనిస్కస్ బకెట్ పిడిలా చీలి, లేత కొబ్బరి ముక్కలా తెల్లగా ముందుకు మడతపడింది. లోపలి అంచుకి రక్తప్రసరణ ఉండదు, మాత్రలతో అతకదు. ఆ ముక్క తీసేసి, ఎముక జారకుండా టీపీఎల్‌వో (కింది ఎముక పైభాగాన్ని కోసి, వాలు తగ్గించి ప్లేటు వేసే ఆపరేషన్) చేశాం.

"రోజూ బాల్ విసిరేవాణ్ణి సార్, నా వల్లేనా?" అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కాదండీ. కుక్కల్లో చాలావరకు ఈ లిగమెంట్ లోలోపలే బలహీనపడుతూ వచ్చి తెగుతుంది. బరువు తగ్గిస్తే మేలు, అంతే.

మిగతావి గబగబా. పిల్లులకి రాదా? తక్కువే గానీ వస్తుంది. ఆముదం మర్దన? చిరిగింది అతకదు. మనం వాడే నొప్పి మాత్రలు? పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. ఇబుప్రోఫెన్ మింగించి, నల్లటి విరేచనాలతో కుక్కని తెచ్చినవాళ్లున్నారు. రెండో కాలు? అదీ కొన్నాళ్లకు తెగడం మామూలే. కూర్చున్నప్పుడు కాలు పక్కకి చాపేస్తుంటే చూపించండి.

ఇంట్లో మార్బుల్ మీద జారకుండా ఏదైనా పరవమన్నాను. మొన్న వీడియో పంపారు. హాలంతా పాత బొంతలు, మధ్యలో మనవాడు నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు, వాళ్లావిడ పెరుగన్నం గిన్నె వెనక్కి దాస్తోంది.